కదలు బొమ్మలకు బరువెట్లు వచ్చును?

ఇప్పుడు మన యిండ్లలో దూరదర్శనపు తెర వెలుగగానే మొట్టమొదట కంటబడునవి మనుష్యులు కారు, ఆకృతులు. ఒక వర్తులము ఎచ్చటనుండియో జారివచ్చి, నేలను తాకి, రెండుమారులు ఎగిరి, కుదురుకొనును. అక్షరములు ఒక్కొక్కటిగా రాలి, ఒకదానినొకటి త్రోసికొని, తుదకు వరుసగా నిలిచి ఒక పేరగును. ఫోనుద్వారా డబ్బు చెల్లించునపుడును, పిల్లల పాఠములు చూచునపుడును, వార్తలు మొదలగుటకు ముందును ఇదే వింత. దీనికి మోషన్ గ్రాఫిక్సు అని పేరు. కథయు, నాయికానాయకులును లేకయే, కేవలము ఆకృతులును, గీతలును, అక్షరములును కదలుటచేత ఒక విషయమును బోధించు విద్య యని దీని యర్థము. దినమునకు నూఱుమారులు దీనిని చూచుచుందుము గాని, దీనిని గూర్చి ఆలోచించుట యరుదు. అయినను వానిలో కొన్ని బొమ్మలు నిజముగా బరువుగల వస్తువులవలె పడుచుండుటయు, కొన్ని దూదిపింజలవలె తేలుచు మనస్సునకు వెలితి కలిగించుటయు సోదరీమణులందఱును గమనించియే యుందురు. ఈ భేదము ఎక్కడనుండి వచ్చినదో చెప్పుటయే మా యుద్దేశము. ఇందులో లెక్క కొంచెము కలదు. అది వంటింటి లెక్కకంటె కష్టమైనది కాదు.

బొమ్మ కదలుట యనునది కంటికి చేయు మోసము. సినిమాలో సెకనునకు 24 చిత్రములు ఒకదాని వెనుక నొకటి వచ్చును. ప్రతి చిత్రమును కదలనిదే. చిత్రమునకును చిత్రమునకును కొంచెము మార్పుండుటచే మనకది కదలినట్లు తోచును. పూర్వము ఈ చిత్రములన్నియు చేతితో గీయబడినవి. 1937లో వెలువడిన డిస్నీవారి 'స్నోవైట్' చిత్రమునకై పారదర్శకమైన పలకలపై సిరాగీతలు గీసి రంగులు నింపిన వారిలో అత్యధికులు స్త్రీలే. ఆ యోపిక ఎవరిదో చెప్పకయే మన పాఠకురాండ్రు ఊహించియుందురు. తరువాత యంత్రములు వచ్చినవి. చిత్రకారుడు మొదటి స్థానమును, చివరి స్థానమును చూపినయెడల నడిమి చిత్రములను యంత్రమే నింపసాగెను. శ్రమ తగ్గినది, కాని బరువు పోయినది.

ఎట్లు పోయినదో చూడుడు. నాలుగడుగుల ఎత్తునుండి ఒక నిమ్మపండు క్రింద పడినదనుకొందము. అది నేలను చేరుటకు ఇంచుమించు అరసెకను పట్టును, అనగా 12 చిత్రములు. నాలుగడుగులు 48 అంగుళములు గనుక, ఏమియు తెలియని యంత్రము చిత్రమునకు 4 అంగుళముల చొప్పున సమానముగా పంచిపెట్టును. లెక్క సరిపోయినది గాని నిమ్మపండు పడలేదు. ఎవరో దారము కట్టి దింపినట్లున్నది. నిజమైన నిమ్మపండు మొదటి చిత్రములో అంగుళమున మూడవవంతు మాత్రమే దిగును. రెండవ చిత్రములో ఒక అంగుళము, మూడవదానిలో ఒకటింబావు మించి ఇంచుమించు ఒకటి ముప్పాతిక, ఇట్లు పెరుగుచు పండ్రెండవ చిత్రములో ఏడున్నర అంగుళములకు పైగా దూకును. ఈ వరుస 1, 3, 5, 7 అను బేసి సంఖ్యల వరుసయే. దీనిని గెలీలియో 1638లో ప్రకటించిన తన గ్రంథమున వివరించెను. మనకు గెలీలియో తెలియకపోవచ్చును. కాని పుట్టినది మొదలు చేతినుండి జారిపడిన గిన్నెలను చూచుచున్న కన్ను ఆ వరుసను ఎఱుగును. అందుచేతనే తెరమీది మోసమును అది వెంటనే పట్టుకొనుచున్నది.

ఈ చిక్కునకు రెండు మందులు గలవు. మొదటిది, అనుభవముగల చిత్రకారుడు కొలతలను చేతితో సవరించుట. ఒక బంతి యైనచో ఇది చక్కగా సాగును. నూఱు బంతులు ఒకదానిపై నొకటి పడి దొర్లవలసివచ్చినపుడు ఎంతటి చేయియైనను తడబడును. రెండవది, స్థానములను చెప్పుట మాని నియమములను చెప్పుట. "ఈ వస్తువునకింత బరువు, నేల యిక్కడ, భూమి యిట్లు లాగును, తాకినచో ఇంత ఎగురవలెను" అని మాత్రము చెప్పి, తక్కినది యంత్రమునే లెక్కించుకొమ్మనుట. దీనినే భౌతికశాస్త్రపు సిమ్యులేషను అనుచున్నారు. తెలుగున అనుకరణగణనము అనవచ్చునేమో. ఆ పేరు మాకంత రుచింపలేదు గనుక సిమ్యులేషననియే వ్రాసెదము.

ఆ లెక్క జరుగు తీరు ఇంటి జమాఖర్చువంటిదే. నిన్నటి నిలువకు నేటి రాబడి చేర్చి, ఖర్చు తీసివేసి, మిగిలినదానిని రేపటికి నిలువగా వ్రాసికొందుము. యంత్రము ప్రతి వస్తువునకును రెండు పద్దులు ఉంచును: ఎక్కడ నున్నది, ఎంత వేగమున నున్నది. భూమి యాకర్షణచే పడు వస్తువునకు సెకనునకు 32 అడుగుల చొప్పున వేగము పెరుగును. సెకనులో 24వ వంతునకు అది ఒకటియు మూడవవంతు అడుగులగును. దానిని వేగపు పద్దులో చేర్చును. ఆ వేగముతో అంత స్వల్పకాలమున ఎంత దూరము పోవునో దానిని స్థానపు పద్దులో చేర్చును. మఱల మొదటికి వచ్చును. కొన్ని వేలమారులు ఈ చిన్న కూడిక చేయుటయే సిమ్యులేషను. ఈ పద్ధతిని 18వ శతాబ్దమున ఆయిలరు అను గణితవేత్త చూపియుండెను. నాడు చేతితో చేయవలసిన లెక్కలు నేడు కంటిరెప్పపాటులో అగుచున్నవి.

అయితే జమాఖర్చులో దినదినమును ఒక అణా తప్పుగా వ్రాసినవారి గతియే ఇచ్చటను పట్టును. కాలమును మరీ పెద్ద ముక్కలుగా కోసినయెడల తప్పు చక్రవడ్డీవలె పెరిగి, స్ప్రింగుతో కట్టిన రెండు బంతులు నెమ్మదిగా ఊగుటకు మారుగా పిచ్చివేగముతో తెరను దాటి ఎగిరిపోవును. ఈ విద్య నేర్చువారందఱును ఒకనాడైనను ఈ విస్ఫోటమును చూడక తప్పదు. 1967లో లూప్ వెర్లె అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 864 కణముల చలనమును లెక్కించుచు ఒక చక్కని యుపాయమును వాడెను. వేగపు పద్దు వేఱుగా నుంచనక్కఱలేదు. ఇప్పటి స్థానమును, దానికి ముందటి స్థానమును గుర్తుంచుకొన్నచో వాని భేదమే వేగము. ద్రవములలోని కణములకై వాడిన ఈ యుపాయమునే 2001లో థామస్ యాకబ్సన్ కంప్యూటరు ఆటలలోని మనుష్యాకృతులు కూలిపడుటకు ఎట్లు వాడవచ్చునో వివరించెను. రసాయనశాస్త్రమునకు ఉపకరించు లెక్క ఆటబొమ్మకు పనికివచ్చుట మాకు మిక్కిలి ముచ్చటగా తోచినది.

ఇక ఎగురుట. నేలను తాకిన బంతి తాను వచ్చిన వేగములో సగముతో తిరిగి లేచునని నియమము పెట్టినచో, నాలుగడుగులనుండి పడినది ఒక అడుగే లేచును, రెండడుగులు కాదు. ఎత్తు వేగముయొక్క వర్గమును అనుసరించును గనుక. తరువాత 3 అంగుళములు, ఆపైన ముక్కాలంగుళము. రబ్బరు బంతికి ఈ భాగము ఎక్కువ, చపాతీపిండి ముద్దకు సున్న. ఒక్క అంకెను మార్చి ఇనుపగుండును రబ్బరుగను, రబ్బరును ముద్దగను చేయవచ్చును. ఆకృతి అదే, రంగు అదే. చూచువారికి మాత్రము వస్తువే మారినట్లుండును. పరిమాణముకూడ ఇట్లే తెలియును. 16 అడుగులు పడుటకు ఒక సెకను, 64 అడుగులు పడుటకు రెండు సెకనులు పట్టును. తెరమీద జానెడున్న బంతి నెమ్మదిగా పడినచో అది కొండంతదనియు, త్వరగా పడినచో గోలికాయ యనియు కన్ను తనంతట తానే తీర్మానించుకొనును.

ఇంతవఱకు చెప్పినది ఎక్కడనైనను నిజమే. హైదరాబాదులో దీనిని గూర్చి వ్రాయుటకు మాకు కారణమొకటి గలదు. మేము తార్నాక ప్రాంతమునకు తఱచు పోవువారము. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపింపబడెను. దాని ఆర్ట్సు కళాశాల భవనము 1939లో ప్రారంభింపబడెను. ఆ మెట్లపై కూర్చుండి చదువుకొను బాలికలను చూచిన కొలదియు సంతోషము కలుగును. ఆ యావరణమునకు ఆనుకొనియే ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయము. 1958లో చిన్న సంస్థగా మొదలై, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైనది. విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు 1984 ఆగస్టు 15వ తేదీన దూరదర్శనుద్వారా దేశమంతటికిని కళాశాల పాఠములు ప్రసారము చేయనారంభించిరి. అట్టి పాఠములను తయారుచేయు కేంద్రమొకటి ఈ భాషా విశ్వవిద్యాలయమునకు చేరియున్నది. పాఠమునకు బొమ్మ కావలెను, బొమ్మ కదలవలెను. దారికి కొంత ఎగువను 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ. భూకంపపు అలలు నేలలో ఎట్లు పాకునో తెలిసికొనుటకు ప్రపంచమంతటను శాస్త్రజ్ఞులు నేలను చిన్న గళ్లుగా కోసి, గడిగడికిని పైన చెప్పిన జమాఖర్చునే వేయుదురు. కావున తెరమీద అక్షరము ఎగురుటకును, భూమి కంపించుటకును లెక్క ఒక్కటే.

మన నగరపు సినిమాలవారును ఈ విద్యలో వెనుకబడి లేరు. 2012లో వచ్చిన 'ఈగ' చిత్రమునకు హైదరాబాదునందలి మకుట సంస్థ ప్రత్యేక దృశ్యములకై జాతీయ పురస్కారము పొందినది. 2015లో వచ్చిన 'బాహుబలి' మొదటి భాగములోని జలపాతమును చూచి ఆశ్చర్యపడనివారు లేరు. అందలి నీటిలో గణనముచే పుట్టినది చాల గలదు. అవి ధనవంతుల పెండ్లివంటలు. మేము చెప్పదలచినది మాత్రము ఇంటివంట.

తార్నాకలో ఒక సందులో చిన్నగది అద్దెకు తీసికొని, ఉస్మానియాలో భౌతికశాస్త్రమున ఎం.ఎస్‌సి. చదువుచున్న నల్లగొండ ప్రాంతపు బాలిక యొకతె మాకు పరిచితురాలు. ఆమె పేరు వ్రాయుట మర్యాద కాదు. తండ్రి సేద్యగాడు. ఈ బాలిక సాయంకాలములందు పాతదైన కంప్యూటరుపై పాఠశాల పిల్లల పాఠములకు కదలు బొమ్మలు చేసి, తన గది అద్దె తాను తీర్చుకొనుచున్నది. మమ్ము పెద్దమ్మా యని పిలుచును. ఒకనాడు ఎవరో చేసిన లోలకపు పాఠమును మాకు చూపినది. అందు లోలకము ఈ కొననుండి ఆ కొనవఱకు ఒకే వేగముతో పోయి, టక్కున తిరుగుచున్నది.

"ఇందులో తప్పేమున్నది, బిడ్డా?" అని అడిగితిమి.

"ఉయ్యాల ఎప్పుడన్నా అట్ల ఊగుతదా, పెద్దమ్మా?" అని నవ్వినది.

నిజమే. ఉయ్యాల కొనలయొద్ద ఒక క్షణము నిలిచినట్లు నిలిచి, నడుమ మిక్కిలి వేగముగా పోవును. ఒక మీటరు పొడవుగల లోలకము ఇటునుండి అటు పోయి తిరిగివచ్చుటకు రెండు సెకనులు పట్టును. నాలుగు మీటర్లదానికి నాలుగు. క్రింద వ్రేలాడు బరువు ఎక్కువైనను తక్కువైనను కాలము మాఱదు. పాఠము ఆ సంగతి చెప్పుటకే పుట్టినది. మాటలలో నిజము చెప్పుచు బొమ్మలో అబద్ధమాడుచున్నది. వినోదమునకైన బొమ్మలో ఇట్టి తప్పు వచ్చినచో నవ్వి ఊరకుందుము. పాఠములో వచ్చినపుడు వేలమంది పసిపిల్లలు దానినే నమ్ముదురు. పిల్లలు మాటను మఱచినను బొమ్మను మఱువరు. ఈ బాలిక లోలకమునకు పొడవును, బరువును, భూమ్యాకర్షణను మాత్రము చెప్పి వదలివేసినది. అది తనంతట తానే సరిగా ఊగినది. చేతితో ఊపవలసిన పనియే లేకపోయెను.

తెలుగక్షరములతో ఆమె పడిన పాటు వినదగినది. వానపాఠమునకు 'వర్షము' అను పేరు మేఘమునుండి రాలిపడవలెనని ఆమె యూహ. అక్షరములను ఆకృతులుగా మార్చి, భూమ్యాకర్షణ నొసగి వదలినది. ఇంగ్లీషక్షరము చాలవఱకు ఒకే ముక్క. మన యక్షరము అట్టిది కాదు. రకారము క్రిందనున్న షవత్తు వేఱు ముక్క గనుక యంత్రము దానిని వేఱు వస్తువుగా నెంచినది. అది ముందుగా నేలను తాకి, ఎగిరి, దొర్లుకొనుచు తెర యావలకు పోయినది. తక్కినవి కుదురుకొని చూచునప్పటికి అచ్చట మిగిలినది 'వరము'! రైతుబిడ్డకు వానయే వరము గనుక మేమది శుభశకునమంటిమి గాని, పాఠము చేయించువారు ఒప్పుకొందురా? పకారము, సకారము, హకారములకును ఇట్టిదే చిక్కు. పెక్కు అచ్చులలో వాని తలకట్టు ఒడలికి అంటియుండదు. పడగానే తలపాగా ఊడినట్లు ఊడి, ఎక్కడికో దొర్లును. అందుచేత ఒక అక్షరమునకు చెందిన ముక్కలన్నిటిని ముందుగా ఒకే వస్తువుగా ముడివేయవలెను.

ఇంకొక సూక్ష్మము గలదు. ఏది దేనిని తాకినదో ప్రతి క్షణమును చూచుట యంత్రమునకు మిక్కిలి శ్రమ. ఆ శ్రమ తప్పించుకొనుటకు అది ఆకృతి చుట్టును రబ్బరుత్రాడు బిగించినట్లు ఒక కుంభాకారపు హద్దును ఊహించి, ఆ హద్దులే తాకినవా యని చూచును. ఇటుకకును బంతికిని ఇది చాలును. మన గకారమునకు క్రింద తలుపువలె ఖాళీ యున్నది. అది మఱియొక అక్షరముపై పడినపుడు రెండుకాళ్లు చెఱియొక వైపున వేసి కూర్చుండవలెను గదా! రబ్బరుత్రాటి హద్దు ఆ తలుపును మూసివేయుటచేత గకారము గాలిలో ఆగినట్లు పైననే నిలిచిపోవును. సున్నలోనికి చిన్నబంతిని వేయబోయినను ఇంతే. కంటికి కనబడు రంధ్రము లెక్కకు లేదు. దీనికి మందు, అట్టి యక్షరమును లోపలికి వంపులేని చిన్నముక్కలుగా కోసి, వానినన్నిటిని మఱల అతికించుట. మన లిపిలో వంపులేని యక్షరమే లేదు గనుక తెలుగువారికి ఈ పని రెట్టింపు. ఎవరో పరదేశులు చేసియుంచిన పాఠములను చూచి నేర్చుకొనువారికి ఈ సంగతి ఎవరును చెప్పరు. ఈ బాలిక తానే పట్టుకొన్నది.

వస్త్రమును గూర్చి ఒక్కమాట చెప్పక విడిచినచో మన పాఠకురాండ్రు క్షమింపరు. కంప్యూటరులోని వస్త్రము చుక్కలముగ్గువంటిది. చుక్కలకు బరువుండును, చుక్కకును చుక్కకును నడుమ గీతకు మారుగా కంటికి కనబడని స్ప్రింగు ఉండును. నిలువు, అడ్డము పోవు స్ప్రింగులు గట్టివి; మూలలకు పోవునవి మెత్తనివి; ఒకటి విడిచి మఱియొక చుక్కను కలుపునవి మడతను అడ్డగించునవి. ఎందుకిట్లనగా చీరను పడుగువెంటగాని పేకవెంటగాని లాగినచో సాగదు, ఏటవాలుగా లాగినచో సాగును. రవికెగుడ్డ కత్తిరించిన ప్రతి స్త్రీకిని తెలిసిన సంగతియే ఇది. 1987లో టెర్జోపులాస్ ప్రభృతులు సాగెడు వస్తువుల గణితమును బొమ్మలకు తెచ్చిరి. 1998లో బరాఫ్, విట్కిన్ అనువారు వస్త్రమునకు కాలమును పెద్ద అంగలలో గడిపియు లెక్క చెడకుండ చేయు మార్గము చూపిరి. నేడు తెరమీద ఎగురు కంప్యూటరు జెండాలలో పెక్కింటికి అటువంటి లెక్కయే ఆధారము.

ఈ పనికి కావలసిన సాధనములు కొన్ని ఎక్కువ వెలగలవి. కాని బ్లెండర్ అను సాధనము ఉచితము. దాని సృష్టికర్త టాన్ రూజెండాల్ 2002లో లక్ష యూరోలు చందాలుగా కూర్చి, దానిని అప్పులవారినుండి విడిపించి లోకమునకు అర్పించెను. ఆ సొమ్ము ఏడువారములలో పోగైనది. వస్తువులు పడుట, గుద్దుకొనుట, వస్త్రము, పొగ, నీరు, అన్నియు అందులోనే లెక్కింపవచ్చును. మధ్యరకపు కంప్యూటరు చాలును. రాత్రి లెక్కకు పెట్టి నిద్రపోయినచో తెల్లవారునప్పటికి సిద్ధమై యుండును. కొన్ని శిక్షణాలయములవారు పెద్ద రుసుములు గైకొని, ఆఱునెలలలో ఉద్యోగమని ప్రకటనలు వేయుచుందురు. రుసుము కట్టుటకు ముందు అచ్చట చదివినవారు ఏమి చేయుచున్నారో విచారింపుడని మాత్రము మా మనవి. మీట ఎక్కడనున్నదో ఎవరైనను చూపగలరు. బంతి ఎందుకు ఎగిరిపోయినదో చెప్పగలవారు తక్కువ. ఆ తక్కువవారిలో చేరుటకు ఇంటర్మీడియేటులో మన బాలికలు నేర్చిన చలనసూత్రములే పెట్టుబడి. పెండ్లి కాగానే అటకపైకి ఎక్కించు ఆ పుస్తకములను గూర్చియే మేము చెప్పుచున్నాము.

ఇప్పుడు మాటలతో చెప్పినంతనే బొమ్మను కదలించి యిచ్చు కృత్రిమ మేధాయంత్రములు వచ్చినవి గదా, ఇంత శ్రమ యెందుకని అడుగువారు గలరు. మేమును ఆ ప్రశ్నను ఆ బాలికనే అడిగితిమి. అవి లెక్కలేనన్ని చిత్రములను చూచి, కంటికి నిజమువలె తోచుదానిని ఊహించి యిచ్చును గాని, ఇంత పొడవుగల లోలకము ఇన్ని సెకనులలోనే ఊగవలెనను పూచీ వానికి లేదు. ప్రకటనలకు ఊహ చాలును. పాఠమునకు పూచీ కావలెను. ఆమె పని కొంత తగ్గినదనియు ఒప్పుకొన్నది. తేలికపనులు యంత్రములకు పోయినవి, పూచీగలవి మిగిలినవి. రేపు ఏమగునో చెప్పుటకు మేము జ్యోతిష్కులము కాము.

సిమ్యులేషను సర్వమును చేయుననుకొనుటయు పొరపాటే. యంత్రము నియమము తప్పదు గాని, అందమెఱుగదు. పేరులోని అక్షరములు నిజముగా పడినచో తలక్రిందులుగను, ప్రక్కకును పడును, చదువుటకు వీలుండదు. కావున మొదట అక్షరములను వరుసగా నిలిపి, అటునుండి వెనుకకు నడపుటయో, చివరి క్షణమున చేతితో దిద్దుటయో చేయుదురు. ఇదియు మోసమే యనవచ్చును. పేరు చూపించుటలో చేయవచ్చునుగాని పాఠములో చేయరాదని ఆ బాలిక నియమము పెట్టుకొన్నది. ఆ నియమము మాకు నచ్చినది.

ఆ బాలికకు ఈ యేడు సంబంధము చూచుచున్నారు. వరునివారు మంచివారే, కాని "రాత్రిళ్లు కంప్యూటరు ముందు బొమ్మలు చేయుట ఒక యుద్యోగమా? బి.ఇడి. చేసి పంతులమ్మ యగుట మేలుగదా" అనిరట. తండ్రి మనస్సును అటే మొగ్గినది. కూతురిని ఇంటికి తోడుకొనిపోవలెనని మొన్న తార్నాకకు వచ్చెను. మేమును అచ్చటనే యుంటిమి. ఆ సమయమున ఆమె తూర్పారబట్టుటను గూర్చిన పాఠమునకు బొమ్మ చేయుచున్నది: చాటనుండి గింజలును తాలును కలిసి జాఱును, ప్రక్కనుండి గాలి వీచును, గింజలు దగ్గఱగను, తాలు దూరముగను పడవలెను. వేలకొలది చిన్నచిన్న కణములతో మంట, ధూళివంటివి చేయు పద్ధతిని విలియం రీవ్స్ 1982లో ఒక అమెరికా చిత్రమునకై వాడి, మఱుసటి యేట ప్రకటించెను, ఇదియు అట్టిదే. తెరమీద కణములు రాలుచున్నవి. తండ్రి తుండుగుడ్డతో చేతులు తుడుచుకొనుచు దగ్గఱకు వచ్చి కొంతసేపు చూచెను.

"తాలు గింజతోటే పడుతున్నదేంది, బిడ్డా? గాలికి పోవద్దా?"

"గాలి పెట్టిన, నాయినా."

"గాలి పెడితే గింజ గూడ పోతున్నది గద. గింజకు గాలి లెక్కనా?"

ఆమె మాటాడక తెరవైపు చూచినది. గాలి లేనిచోట బరువైనదియు తేలికయైనదియు ఒకే వేగముతో పడునని గెలీలియోవలె ఆమెయు ఎఱుగును. గాలిని పెట్టునపుడు మాత్రము అన్ని కణములకును వాని బరువుతో నిమిత్తము లేకుండ ఒకే వేగవృద్ధిని ఇచ్చియుండెను. నిజమైన గాలి వస్తువుయొక్క వైశాల్యమును పట్టి త్రోయును. తాలునకు వైశాల్యము గింజతో సమానము, బరువు మాత్రము అతి స్వల్పము. అందుచే గాలి దానిని ఎత్తుకొనిపోవును, గింజ లెక్కచేయదు. ఆమె రెండంకెలు మార్చినది. గింజలు చాటక్రింద కుప్పగా పడినవి. తాలు తెరకొన వఱకు పోయి పరచుకొన్నది. తండ్రి "మొదట్ల గాలి ఇంత జోరుగ ఉండదు" అని మఱియొక దిద్దుబాటు చెప్పెను. అదియు దిద్దినది. అట్లు ఇద్దఱును చీకటిపడువఱకు కూర్చుండిరి. గాలి ఏ వైపునుండి వచ్చునో, చాట ఎంత ఎత్తున పట్టవలెనో, చివర మిగిలిన మట్టిబెడ్డలు ఎక్కడ పడునో ఆయన చెప్పుచుండెను. ఆమె అంకెలు వేయుచుండెను.

ఇంటికి పోవుమాట ఆనాడు రాలేదు. మఱునాడు ఆయన ఒక్కడే బస్సెక్కి పోయినాడు. వరునివారికి ఏమి చెప్పవలెనో ఇంకను తేల్చుకొనలేదు. ఫాల్గుణములో వారు మఱల వత్తురట. పాఠము పూర్తియైనదనియు, చివరను మట్టిబెడ్డలు కూడ చేర్చితిననియు ఆ బాలిక మాకు నిన్న తెలిపినది.